నొప్పి ఎక్కువ, పుండు తక్కువ

బస్తర్‌లో జ్వరం అన్న మాట వినపడగానే మన చేయి మలేరియా కిట్ మీదికి పోతుంది. పోవాలి కూడా. ఛత్తీస్‌గఢ్‌లో మలేరియాకు పుట్టిల్లు బస్తర్ డివిజన్‌లోని ఈ ఏడు జిల్లాలే. 2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ మొదలైనప్పుడు ఏఎన్ఎంలు, మితానిన్లు (ఊరి ఆరోగ్య కార్యకర్తలు) వాగులు దాటి ఊళ్లకు వెళ్లి, జ్వరం ఉన్నా లేకపోయినా ఇంటింటా అందరి వేళ్లూ గుచ్చి చూశారు. అప్పుడు బయటపడిన సంగతి మన పనికి చాలా ముఖ్యం. పాజిటివ్ వచ్చినవాళ్లలో సగానికి పైగా మనుషులకు జ్వరం లేదు, ఏ బాధా లేదు. పైగా ఫాల్సిపారం కిట్ మందులు వాడేశాక కూడా కొన్ని వారాల పాటు గీత చూపిస్తూనే ఉంటుంది. కాబట్టి గీత పడినంత మాత్రాన, ఇవాళ మన ముందు కూర్చున్న మనిషి ఒళ్లు కాలిపోతున్నది దానివల్లేనని చెప్పలేం. మలేరియా మందు ఇవ్వండి. ఇచ్చాక ఇంకో ప్రశ్న వేయండి: దీంతో పాటు ఇంకేదైనా ఉందా?

ఆ ‘ఇంకేదైనా’లో చాలా వేగంగా ప్రాణం తీసేది గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్. కొత్త క్రిమేమీ కాదు. పిల్లల గొంతునొప్పిలో, గజ్జి మీద లేచే చీము పొక్కుల్లో రోజూ మనం చూసేదే. లక్ష మందిలో లక్ష మందికీ అక్కడితోనే ఆగిపోతుందనిపించేంత మామూలుగా ఉంటుంది. ఎప్పుడో ఒకసారి అది గొంతు, చర్మం దాటి రక్తంలోకి, కండ మీది పొరలోకి, బాలింత గర్భసంచిలోకి దిగుతుంది. అప్పుడు మన చేతిలో ఉండేది గంటల లెక్కే. 2005లో వచ్చిన ఒక అంతర్జాతీయ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా కనీసం 6,63,000 మందికి ఇలా లోపలికి దిగుతుంది, 1,63,000 మంది చనిపోతారు. 2024లో జపాన్‌లో జూన్ మొదటి వారానికే 977 కేసులు నమోదైతే, మన పత్రికలూ టీవీలూ ‘మాంసం తినే బ్యాక్టీరియా’ అని ఊదరగొట్టాయి. ఆ వార్తల్లో భయం తప్ప ఒక నర్సుకు పనికొచ్చే ముక్క నాకు కనపడలేదు. జపాన్‌లో లెక్క ఉంది కాబట్టి వార్త అయింది. మన ఓపీ రిజిస్టర్లో దీనికి విడిగా గడి లేదు. జ్వరం అనో, కాలు వాపు అనో, సెప్సిస్ అనో రాసి పేజీ తిప్పేస్తాం.

ఈ మాటలు సరిహద్దులో పనిచేసే తెలుగువాళ్ల కోసం. బీజాపూర్, సుక్మా వైపు ఉద్యోగానికి వెళ్లిన స్టాఫ్ నర్సులు, సీహెచ్‌ఓలు, కొత్త డాక్టర్లు ఉన్నారు. సరిహద్దుకు ఇవతల చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, వాజేడు పీహెచ్‌సీల్లో కూర్చుని బస్తర్ రోగులనే చూస్తున్నవాళ్లూ ఉన్నారు. మిరప కోతల కాలంలో, జనవరి నుంచి ఏప్రిల్ దాకా, బస్తర్ ఊళ్లు ఊళ్లే ఖమ్మం, భద్రాద్రి, ములుగు చేలల్లోకి దిగుతాయి. చేను గట్టు మీద పట్టా కప్పుకుని పడుకునే ఆ కూలీకి ముల్లు గుచ్చుకుంటే మొదట చూసేది మీ పీహెచ్‌సీయో, పక్క ఊరి ఆర్‌ఎంపీయో.

మొదట గుర్తు పెట్టుకోవాల్సింది నొప్పి. పైకి కనిపించే దానికీ, మనిషి పడే బాధకీ పొంతన ఉండదు. కాలి మీద చిన్న గీత ఉంటుంది, చుట్టూ కాస్త ఎరుపు ఉంటుంది, అంతే. మనిషి మాత్రం కాలు ముట్టుకోనివ్వడు. రాత్రంతా నిద్ర పోయి ఉండడు. కొడవలి తెగినా, కాలిలో వెదురు పేడు దిగినా నోరెత్తకుండా నడిచి వచ్చే మనుషులు వీళ్లు. అలాంటివాడు ఏడుస్తున్నాడంటే ఆ ఏడుపును జ్వరం కంటే పెద్ద కొలతగా తీసుకోండి. ‘ఇంత చిన్న దెబ్బకు ఇంత గోలా’ అని మన నోట వచ్చిన క్షణమే మనం ఆగాల్సిన క్షణం. చాలామందిలో అసలు పుండే కనపడదు. రెండు రోజుల కింద బరువెత్తితే పిక్క పట్టేసిందనో, జారి పడితే తొడ కమిలిందనో చెబుతారు. లోపల కమిలిన కండలో క్రిమి గూడు కట్టుకుంటుంది, పైన చర్మం చెక్కుచెదరకుండా ఉంటుంది.

మొదటి రోజు వాంతులు, విరేచనాలు, ఒళ్లు నొప్పులు ఉండవచ్చు. కాబట్టి ఓఆర్‌ఎస్, పారాసిటమాల్ ఇచ్చి పంపేయడం చాలా తేలిక. రెండో రోజుకు వాపు పెరుగుతుంది, చర్మం సాగదీసినట్టు బిగుస్తుంది, ఎరుపు దాటి చాలా దూరం వరకు నొక్కితే నొప్పి ఉంటుంది. తర్వాత ఎరుపు కాస్తా నీలంగా, కమిలినట్టుగా మారుతుంది. ముదురు రంగు నీటితో బొబ్బలు లేస్తాయి. ఇక్కడ ఒక మోసం ఉంది. నరాలు చచ్చిపోయాక ఆ చోట మొద్దుబారి నొప్పి తగ్గుతుంది. ఇంటివాళ్లు మందు పనిచేసిందనుకుంటారు, కొన్నిసార్లు మనమూ అనుకుంటాం. నొప్పి తగ్గిందంటున్న మనిషికి నాడి ఇంకా పరిగెడుతుంటే, చర్మం రంగు మారి ఉంటే, అది బాగుపడటం కాదు. మూడో రోజు, నాలుగో రోజు మాటలివి అనుకోకండి. కొందరిలో ఇదంతా ఒక పగలు, ఒక రాత్రిలో జరిగిపోతుంది.

అందుకే జేబులో ఉన్న బాల్‌పెన్నుకు మించిన పరికరం సబ్‌సెంటర్లో లేదని నేనంటాను. ఎరుపు ఎక్కడ ఆగిందో, వాపు ఎక్కడ ఆగిందో చర్మం మీదే గీత గీయండి. గీత పక్కన టైము రాయండి. గంట తర్వాత మళ్లీ చూడండి. మామూలు చర్మపు వాపు గంటలో గీత దాటి పోదు. ఇది దాటవచ్చు. దాటితే ఇక ఆలోచనే లేదు, బండి పిలవాలి. ఇంకో లాభం కూడా ఉంది. రోగి మూడు ఆసుపత్రులు మారినా కాగితం పోతుంది గానీ కాలి మీద గీత పోదు. జగదల్‌పూర్‌లో రాత్రి రెండు గంటలకు చూసే డాక్టరుకు, పొద్దున ఎక్కడుందో మీరే చెప్పినట్టవుతుంది.

పెన్ను ఎంత మేలు చేస్తుందో డైక్లోఫెనాక్ సూది అంత చెరుపు చేస్తుంది. సంతలో సంచీ డాక్టరు, మన వైపు ఆర్‌ఎంపీ, ఇద్దరి చేతిలోనూ మొదట ఉండేది అదే. జ్వరం దిగుతుంది, నొప్పి మొద్దుబారుతుంది, మనిషి లేచి నడుస్తాడు, క్రిమి మాత్రం దాని పని అది చేసుకుంటూ పోతుంది. మీ దగ్గరకు వచ్చినవాళ్లను ‘ఇంతకు ముందు ఎక్కడైనా సూది వేయించుకున్నారా, ఎన్ని గంటలకు?’ అని తప్పకుండా అడగండి. కోప్పడకుండా అడగండి, లేకపోతే చెప్పరు. నాటువైద్యం చేసే వడ్డె దగ్గరికో, సిరహా దగ్గరికో వెళ్లి వచ్చారా అన్నదీ అంతే. ఆకు పసరు కట్టి ఉంటే మెల్లగా విప్పి, కడిగి, కింద ఏముందో చూడండి. కట్టు కింద చూడకుండా రిఫర్ రాయొద్దు.

ఛత్తీస్‌గఢ్‌లో 2019 అక్టోబర్ 2న సంతల్లో క్లినిక్ పెట్టే పథకం మొదలైంది. మంచి పథకమే, జనం ఎక్కడ ఉంటారో డాక్టరు అక్కడికి వెళ్లడం. కానీ సంత వారానికి ఒకసారే. ‘మందు వాడి వచ్చే సంతకు రా’ అన్న మాట ఈ జబ్బు విషయంలో అనకూడదు. అనుమానం ఉన్న మనిషిని ఆ రోజే సంత అయ్యేలోపు రెండోసారి చూడండి. ఉప్పు, ఎండుచేపలు కొనుక్కుని మళ్లీ ఇటు రమ్మంటే వస్తారు.

బస్తర్‌లో ఈ నొప్పికి పోలికలు చాలా ఉన్నాయి, పొరపాటు పడటానికి చోటు ఎక్కువ. సికిల్ సెల్ ఉన్న పిల్లలకు కాళ్లూ చేతులూ భరించలేనంత నొప్పి వస్తుంది. కార్డు చూసి సికిల్ నొప్పే అని తేల్చేయకండి, ఒకే చోట వాపు, రంగు మార్పు ఉంటే ఇది కూడా కావచ్చు. పాము కాటుకు కూడా కాలు వాస్తుంది, బొబ్బలు లేస్తాయి. అక్కడ గాట్లు, రక్తం గడ్డకట్టకపోవడం, కరిచిన టైము చూసుకోవాలి. తుప్పల్లో తునికాకు కోసేటప్పుడు ఏదో కుట్టిందంటారు, అది ఏదో వాళ్లకూ తెలియదు. బోదకాలు ఉన్నవాళ్లకు గజ్జలో బిళ్ల కట్టి, జ్వరం వచ్చి, కాలు ఎర్రబడటం మామూలే. నిజానికి ఆ మామూలు జ్వరాల్లో చాలా వాటికి కారణం కూడా స్ట్రెప్టోకాకసే. ‘ఇది ఈయనకు ప్రతి ఏడూ వచ్చేదే’ అని ఇంటివాళ్లు అన్నా, ఈసారి నొప్పి ఎప్పటిలా ఉందా, ఎక్కువగా ఉందా అని ఆయన్నే అడగండి.

ఇక బాలింతలు. ఈ భాగం గురించి ఎంత చెప్పినా తక్కువే. 1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించి బాలింతల చావులు తగ్గించాడు. 1879లో పారిస్‌లో పాశ్చర్ బాలింత జ్వరానికి కారణమైన క్రిమిని గొలుసులా బొమ్మ గీసి చూపించాడు. ఆ గొలుసు ఇదే. అది ఇప్పటికీ మన చేతుల మీద, మన గొంతులో ప్రసవం గదిలోకి వస్తుంది. మనం శిక్షణలో నేర్చుకున్నది ఏమిటి? జ్వరం, కంపు కొట్టే స్రావం ఉంటే ఇన్ఫెక్షన్ అని. స్ట్రెప్ ఇక్కడే దెబ్బ కొడుతుంది. ఇందులో స్రావం కంపు కొట్టకపోవచ్చు, పలచగా మామూలుగానే ఉండవచ్చు. మొదట్లో జ్వరం కూడా ఉండకపోవచ్చు, ఒళ్లు చల్లగా ఉండవచ్చు. ఉండేది ఆగని కడుపునొప్పి, పరిగెత్తే నాడి, ఏదో కాబోతోందన్న బెదురు చూపు. కాన్పు తర్వాతి నొప్పులే లెమ్మని అత్తగారు అంటుంది. కాన్పు నొప్పులు వస్తూ పోతూ రోజురోజుకూ తగ్గుతాయి. ఇది తగ్గదు.

ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్ వ్యవస్థ 2002 నుంచే ఉంది, దేశంలో ఆశా రాకముందే. కాన్పు తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇలా నలభై రెండో రోజు దాకా ఆమె ఇంటికి వెళ్తుంది. ఆ సందర్శనం బిడ్డ బరువు తూచడంతోనే అయిపోతుంటుంది. మూడో రోజు తల్లి పొట్ట మీద చేయి పెట్టి, నాడి లెక్కపెట్టడం మితానిన్‌కు నేర్పండి. కాన్పు స్ట్రెప్ ఎక్కువగా మొదటి కొన్ని రోజుల్లోనే బయటపడుతుంది కాబట్టి, మూడో రోజు దాటిపోతే ఏడో రోజు వెళ్లి లాభం లేకపోవచ్చు. కాన్పు ఇంట్లో అయినా, సిజేరియన్ అయి కుట్లతో వచ్చినా, గర్భం పోయి ఎవరికీ చెప్పకుండా ఇంట్లో పడుకుని ఉన్నా లెక్క ఒక్కటే. ఆ మూడో రకం ఆడవాళ్లను రిజిస్టర్ చూపించదు, ఊళ్లో ఆడవాళ్లే చెబుతారు.

మనిషి షాక్‌లోకి జారుతున్నాడని తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. పెద్దవాళ్లలో నిమిషానికి 22 లేదా అంతకు మించి ఊపిరి, పై బీపీ 100 లేదా అంతకన్నా తక్కువ, మాటలో తడబాటు లేదా మత్తు, ఈ మూడింట్లో ఏ రెండు ఉన్నా ప్రమాదమే. గోరు నొక్కి వదిలితే మూడు సెకన్లలో రంగు తిరిగి రాకపోవడం, పొద్దున్నుంచి మూత్రం పోయకపోవడం కూడా రాసుకోండి. కొందరికి ఒళ్లంతా ఎండకు కాలినట్టు ఎర్రబడుతుంది. నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు కనపడదు, అరచేతులు, కనురెప్ప లోపలి భాగం చూడాలి. ఊపిరి లెక్క మాత్రం అందాజుగా రాయకండి. మన చార్టుల్లో ప్రతి రోగికీ 18 అనో 20 అనో ఉంటుంది. నిజంగా వాచీ పట్టుకుని నిమిషం లెక్కపెట్టినవాళ్లు ఎంతమందో మనకు తెలుసు.

అనుమానం వచ్చింది. ఇప్పుడు చేయాల్సినది? స్ట్రెప్ అని పేరు పెట్టడం మీ పని కాదు. మొదటి మోతాదు పడేయడం, పంపించడం మీ పని. షాక్‌లో ఉన్న మనిషికి గంటలోపు యాంటీబయాటిక్ పడాలి, బండి రావడానికే రెండు గంటలు పట్టే ఊరిలో ఆ మందు పడాల్సింది మీ దగ్గరే. పీహెచ్‌సీలో చేతికి దొరికే మంచి మందు సెఫ్‌ట్రియాక్సోన్. పెద్దవాళ్లకు 2 గ్రాములు నరానికి, నరం దొరకకపోతే రెండు చోట్ల కండకు ఒక్కో గ్రాము. డాక్టరు ఫోన్‌లో చెబితే ఆ పేరు, టైము రాసుకుని ఇచ్చేయండి. రింగర్ లాక్టేట్ నడుస్తున్న లైన్లోనే దాన్ని ఎక్కించకండి, కాల్షియంతో కలిసి గడ్డకడుతుంది. లైను సెలైన్‌తో కడిగి ఇవ్వాలి, నవజాత శిశువు అయితే డాక్టరును అడగకుండా అసలు ముట్టుకోకూడదు. బాలింతకైతే మన ఏఎన్ఎం శిక్షణలోనే యాంపిసిలిన్, జెంటామైసిన్, మెట్రోనిడజోల్ మొదటి మోతాదు ఇచ్చి పంపమని ఉంది. ఆ మూడింట్లో స్ట్రెప్‌ను చంపేది యాంపిసిలిన్. స్టాకులో అది లేదని మిగతా రెండే ఇచ్చి పంపితే ఈ క్రిమికి మందు ఇవ్వనట్టే లెక్క. డ్రెస్సింగ్ రూములో పుండు కనపడగానే మెట్రోజిల్ ఎక్కించే అలవాటుకూ ఇదే జవాబు.

ఇంకో పొరపాటు పెన్సిలిన్ పేరు చూసి జరుగుతుంది. రుమాటిక్ గుండె జబ్బు పిల్లలకు మూడు వారాలకోసారి వేసే 12 లక్షల యూనిట్ల బెంజాథిన్ పెన్సిలిన్ స్టాకులో ఉంటుంది. అది రక్తంలోకి చుక్కచుక్కగా దిగే మందు, గొంతు స్ట్రెప్‌కు సరిపోతుంది. ఈ మనిషికి అది సముద్రంలో చెంబెడు నీళ్లు. నరానికి ఎక్కించకూడదు కూడా, ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. కావాల్సింది క్రిస్టలైన్ పెన్సిలిన్.

సెలైన్ విషయానికి వస్తే, పెద్దవాళ్లలో షాక్ ఉంటే కిలోకు 30 మిల్లీలీటర్లు మూడు గంటల్లో అన్నది పుస్తకం మాట. బస్తర్‌లో 40, 45 కిలోల మనుషులే ఎక్కువ, కాబట్టి లీటరు పావు, లీటరున్నర లోపు అవుతుంది. చాలామందికి రక్తం బాగా తక్కువ. బాటిల్ పెట్టి పక్కకు పోకుండా ప్రతి అర లీటరుకూ వీపు మీద స్టెత్ పెట్టి వినండి. పిల్లలకు ఈ లెక్క వాడొద్దు. గీత గీసిన చోట కోయకండి, పిండకండి, కాపడం పెట్టకండి, పైన తాడు కట్టకండి.

జిల్లా ఆసుపత్రిలోనో, సీహెచ్‌సీలోనో ఉన్నవారికి రెండు మాటలు. మొదట్లో ఏ క్రిమో తెలియదు కాబట్టి విస్తృతంగా పనిచేసే మందు మొదలుపెడతారు, షుగర్ ఉన్నవాళ్లలో ఇలాంటి పుండుకు కారణం చాలాసార్లు వేరే క్రిములు కూడా. రక్తం కల్చర్‌కు తీశాకే మందు ఎక్కించాలి, కానీ కల్చర్ బాటిల్ కోసం మందు ఆపకూడదు. స్ట్రెప్ అని తేలాక పెద్దవాళ్లకు పెన్సిలిన్ 40 లక్షల యూనిట్లు నాలుగు గంటలకోసారి, దాంతో పాటు క్లిండమైసిన్ 900 మిల్లీగ్రాములు ఎనిమిది గంటలకోసారి. ఈ క్రిమి ఇన్నేళ్లలో పెన్సిలిన్‌కు లొంగకుండా పోలేదు, ఈ కాలంలో ఇలా చెప్పగలిగిన జబ్బులు ఎన్ని ఉన్నాయి? మరి రెండో మందు ఎందుకు? హ్యారీ ఈగిల్ 1952లో ఎలుకల మీద చూపించాడు. క్రిముల సంఖ్య బాగా పెరిగిపోయాక అవి విభజన చెందడం మందగిస్తుంది, విభజన చెందే క్రిమినే చంపే పెన్సిలిన్ అప్పుడు సరిగా పనిచేయదు. క్లిండమైసిన్‌కు ఆ ఇబ్బంది లేదు, పైగా విషం తయారీనే ఆపేస్తుంది. కానీ దానికి లొంగని స్ట్రెప్ రకాలు ఉన్నాయి కాబట్టి ఒంటరిగా వాడకూడదు. అజిత్రోమైసిన్‌ను నమ్ముకోకూడదన్నదానికీ కారణం ఇదే.

నర్సుకు ఇక్కడ లెక్క ఉంది. 10 లక్షల యూనిట్ల వయల్ అయితే మోతాదుకు నాలుగు, రోజుకు 24 వయల్స్. రాత్రి పన్నెండుకు స్టాకు అయిపోయిందని తెలిస్తే ఎవరూ ఏం చేయలేరు, కేసు వచ్చిన గంటలోనే ఫార్మసిస్టును లేపి ఇండెంట్ పెట్టించండి. పొటాషియం పెన్సిలిన్ అయితే ఆ 24 వయల్స్‌తో రోజుకు సుమారు 40 మిల్లీఈక్వివలెంట్ల పొటాషియం వెళ్తుంది. మూత్రం రాని మనిషికి అది చిన్న సంగతి కాదు, డాక్టరుకు గుర్తుచేయండి, మోతాదు మారుస్తారు. క్లిండమైసిన్ సిరంజితో ఒక్కసారిగా తోసేది కాదు, పలచన చేసి 900 మిల్లీగ్రాములకు కనీసం అరగంట డ్రిప్. మందు పడకపోతే ఇవ్వడానికి అడ్రినలిన్ ట్రేలో ఉందా, దాని తేదీ ఎప్పటిది అన్నది డ్యూటీ మొదట్లోనే చూసుకోండి. ఇమ్యునోగ్లోబులిన్ గురించి పెద్ద ఆసుపత్రుల్లో వాదోపవాదాలున్నాయి, అది మన స్థాయి నిర్ణయం కాదు.

మందు సగం వైద్యమే. కండ మీది పొరలో రక్తనాళాలు మూసుకుపోయి మాంసం చచ్చిపోయాక అక్కడికి రక్తం వెళ్లదు, రక్తం వెళ్లని చోటికి మందూ వెళ్లదు. సర్జన్ తెరిచి చూడాలి. చిన్న గాటు పెడితే రక్తం రాకుండా గిన్నెలు కడిగిన నీళ్లలాంటిది వచ్చి, పొర వెంట వేలు సులువుగా దూరిపోతే ఇక సందేహం లేదు. ఆరోగ్యంగా రక్తం కారే కండ వచ్చేదాకా తీసేయాలి, పుండు తెరిచే ఉంచాలి, 24 గంటల్లో మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి చూడాలి. స్కానింగ్ క్యూలో కూర్చోబెట్టి సగం రోజు పోగొట్టడం నాకు ఎప్పుడూ అర్థం కాని సంగతి. స్కాన్ మామూలుగా వచ్చినా చేతికి దొరికిన గుర్తులు అబద్ధం కావు.

కాబట్టి ఎక్కడికి పంపాలి అన్న ప్రశ్నకు జవాబు దగ్గరి ఆసుపత్రి కాదు, మన జిల్లా ఆసుపత్రీ కాదు. ఈ రాత్రి సర్జన్, మత్తు డాక్టరు, రక్తం మూడూ ఉన్న ఆసుపత్రి. ఫోన్ చేసి ఆ మూడు ప్రశ్నలే అడగండి. డిమ్రాపాల్‌లోని బలీరామ్ కశ్యప్ మెడికల్ కాలేజీ ఈ ప్రాంతానికి పెద్ద దిక్కు. కానీ కోంటలో ఉన్న మనిషికి జాతీయ రహదారి 30 మీద చింతూరు మీదుగా భద్రాచలం దగ్గర కావచ్చు, భోపాలపట్నంలో ఉన్నవాడికి ముల్లకట్ట వంతెన దాటి ఏటూరునాగారం, వరంగల్ దారి తెరిచి ఉండవచ్చు. ఎక్కడ పనిచేస్తే అక్కడ ఎటు పోతే ఏముందో మామూలు రోజుల్లోనే తెలుసుకుని, ఫోన్ నంబర్లు గోడకు అంటించి పెట్టుకోండి. వానాకాలంలో ఇంద్రావతి అవతలి ఊళ్లవారికి, శబరి, తాలిపేరు పొంగినప్పుడు దారులు మునిగేవారికి లెక్క మారుతుంది. పెన్ను గీత దాటేదాకా ఆగకుండా, అనుమానం వచ్చిన పూటే ఏరు దాటించాలి. రాష్ట్రం మారినా ఆయుష్మాన్ కార్డు ఆ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో చెల్లుతుంది, కార్డు ఇంట్లో వదిలి రావద్దని చెప్పండి. కార్డు కోసం ఇంటికి వెనక్కి మాత్రం పంపకండి.

చీటీ మీద జ్వరం, కాలు వాపు, రిఫర్ అని రాస్తే అవతల వరుసలో కూర్చోబెడతారు. నొప్పి మొదలైన టైము, గీత గీసిన టైము, అది ఎంత జరిగింది, నాడి, ఊపిరి, బీపీ, ఏ మందు ఎన్ని గంటలకు ఎంత, చివరిసారి మూత్రం ఎప్పుడు అన్నవి రాసి, కింద పెద్ద అక్షరాలతో ‘సర్జన్ వెంటనే చూడాలి’ అని రాయండి. హిందీ రాకపోతే ఇంగ్లిషు అంకెలతో రాసినా చాలు.

ఇంటివాళ్లను ఒప్పించడం ఇంతకన్నా కష్టం. పెద్దాసుపత్రికి పోతే కాలు తీసేస్తారని భయం. ఎవరికో తీసేశారన్నది నిజమే అయి ఉంటుంది, ఆలస్యంగా వెళ్లినవాళ్లకు జరిగేది అదే. ‘ఏం కాదు, సూది వేసి పంపిస్తారు’ అని అబద్ధం చెప్పి బండి ఎక్కించవద్దు, తర్వాత ఆ ఊళ్లో మీ మాట చెల్లదు. ‘అన్నా, ఇవాళ వెళ్తే చెడిన పొర తీస్తారు, ఎల్లుండి వెళ్తే కాలు తీయాల్సి రావచ్చు’ అని మితానిన్ చేత గోండీలోనో, దోర్లీలోనో చెప్పించండి. గీతను వాళ్లకే చూపించండి. గంట కింద ఇక్కడుంది, ఇప్పుడు ఇక్కడుంది. ఈ గీతకు అనువాదం అక్కర్లేదు. వడ్డె కూడా వెంట వస్తానంటే రానివ్వండి, 108లో ఒక సీటు పోతే పోయింది.

మీ సంగతి కూడా చూసుకోవాలి. పుండు విప్పేటప్పుడు గ్లౌజులు, చిందే చోట మాస్కు, తర్వాత సబ్బుతో చేతులు. మీకు గొంతునొప్పి, జ్వరం ఉంటే ప్రసవం గదికి, డ్రెస్సింగ్‌కు వెళ్లకండి. స్ట్రెప్ గొంతుకు మందు మొదలుపెట్టి 24 గంటలు దాటేదాకా డ్యూటీ మార్చమని అడగడం మీ హక్కు. ఒక్కరే ఏఎన్ఎం ఉన్న సబ్‌సెంటర్లో ఇది ఎంత కష్టమో తెలుసు, అయినా అడగండి. రోగి ఇంట్లోవాళ్లకు తర్వాతి 30 రోజుల్లో జ్వరం, గొంతునొప్పి, ఎక్కడైనా విపరీతమైన నొప్పి వస్తే అదే రోజు కబురు చేయమనండి. తల్లికి వస్తే బిడ్డనూ, బిడ్డకు వస్తే తల్లినీ డాక్టరుకు చూపించాలి. ఆటలమ్మ పోసిన పిల్లలకు మూడు నాలుగు రోజులకు తగ్గాల్సిన జ్వరం మళ్లీ ఎగిసినా, కుంటుతున్నా అంతే. వాళ్లకు ఐబుప్రొఫెన్ ఇవ్వకండి.

మిగిలింది గజ్జి. బీజాపూర్, సుక్మా, దంతెవాడల్లో పోటా క్యాబిన్ బడుల్లో వందలాది మంది పిల్లలు పక్కపక్కన పడుకుంటారు, ఒకరికి గజ్జి వస్తే నెల తిరిగేసరికి గది మొత్తానికి ఉంటుంది. గోకిన చోట చీము, చీములో స్ట్రెప్, అక్కడి నుంచి మూత్రపిండాల జబ్బు, బహుశా గుండె జబ్బు, కొందరిలో ఈ పెద్ద జబ్బు. ఒక్క పిల్లవాడికి మందు రాసి పంపితే వారంలో మళ్లీ అంటుకుంటుంది. గదిలో అందరికీ ఒకే రాత్రి మెడ నుంచి అరికాలి దాకా 5 శాతం పర్‌మెత్రిన్ పూయించి, పొద్దున దుప్పట్లు వేడినీళ్లలో ఉతికించి, వారం తర్వాత మళ్లీ పూయించాలి. హాస్టల్ వార్డెన్‌కు ట్యూబుల లెక్క ముందే ఇవ్వండి, పెద్ద పిల్లలకు తలా ఒకటి చొప్పున.